కొత్త షెల్టరు తలుపు

గాలివానలప్పుడు ఊరు తలదాచుకునే షెల్టరును తుపాను కూల్చేస్తే, ఓ కంపెనీ యంత్రాలు, ఊరి మహిళా సంఘం కలిసి వారంలో నిలబెట్టాయి. గోడలు యంత్రాలు పోస్తే, ఇసుక ఆడవాళ్లు మోశారు. ఊరివాళ్ల ముఖం గుర్తుపట్టి తనంతట తానే తెరుచుకునే తలుపంటే ఊరంతటికీ ముచ్చట. సంఘం పెద్ద గున్నమ్మకు మాత్రం మొదటినుంచీ అనుమానమే.

ప్రారంభం రోజున ఆమె, ఎక్కణ్ణుంచో వచ్చి ఊరి చివర బాతులు మేపుకుంటున్న మునెమ్మను తీసుకొచ్చి తలుపు ముందు నిలబెట్టింది. తలుపు కదలలేదు.

“ఈమె ఈ ఊరి మనిషి కాదు కదండీ,” అంది కంపెనీ ఇంజనీరు హిమజ.

“గాలివానకి పరిగెత్తుకొచ్చినోళ్లని ఏ ఊరని అడుగుతామేటమ్మా?” అంది గున్నమ్మ.

హిమజ మొహం చిన్నబోయింది. ఫోన్లో ఏదో మార్చింది. తలుపు తెరుచుకుంది.

“ఇకమీదట అందరికీ తెరుచుకుంటుందండీ.”

జనం చప్పట్లు కొట్టారు. గున్నమ్మ కొట్టలేదు.

“నువ్వు మంచిదానివి, తెరిసినావు. రేపు నీ కుర్చీలో ఇంకోడు కూకుని మూసేత్తే?”



గున్నమ్మ వడ్రంగిని పిలిచి, గడియ ఉన్న మామూలు చెక్క తలుపు బిగించమంది. కంపెనీ తలుపును ఊడదీస్తుంటే ఆ బరువుకు మనుషులు చాల్లేదు. కాసేపు చూస్తూ నిలబడ్డ హిమజ, చున్నీ నడుముకు బిగించి తనూ ఒక కొస పట్టుకుంది.