కడుపు నిండుగానే

స్వర్ణలత పోయిన రోజు ఉదయం మదనపల్లె ఆసుపత్రిలో ఆమెకు ముక్కులోని పైపు గుండా జావ పోశారు. మధ్యాహ్నానికి అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. సాయంత్రానికి ఊపిరి ఆగింది. పైపు పీక్కోకుండా మంచానికి కట్టిన చేతులను అప్పుడు విప్పారు. నా భార్య ఆకలితో మాత్రం పోలేదు.

ఆమె ఇక కోలుకోదు, బాధపెట్టవద్దు, పైపు తీసేద్దామని డాక్టరు ముందే చెప్పాడు. నేను సరేనన్నాను. కుప్పం నుంచి వచ్చిన ఆమె తమ్ముడు గోవిందప్ప వార్డంతా వినేలా అరిచాడు.

"అన్నం పెట్టకుండా మా అక్కను సంపుతావా బావా? నువ్వు మనిసివేనా?"

అంత ప్రేమ నా దగ్గర లేదు కనుక పైపు ఉంచేయమని డాక్టరుకు చెప్పాను.

ఈ రోజు పుంగనూరులో దహనం అయ్యాక గోవిందప్ప నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, నాకిట్లా అయితే ఆ పైపు మాత్రం ఏయనీబాక. అక్క కండ్లు సూసినాను గదా. మా ఇంట్లోవాళ్లు ఇనరు. నువ్వైతే ధైర్యంగా ఆపుతావు."

రేపు పొద్దున చితి మీద పాలు పోయడానికి బంధువులంతా వస్తారు. ఆ మాట వాళ్లందరి ముందు గట్టిగా చెప్పమంటాను. చెప్పకపోతే, అతనికీ కడదాకా కడుపు నిండా పెట్టిస్తానని మాటిస్తాను.