కెమెరాకు తీసిన దిష్టి

అమరేందర్ కెమెరా భుజానికి తగిలించుకున్నాడంటే, నల్లగొండలో ఏదో ఒక గోడకు మూడిందని బిక్షమ్మకు తెలిసిపోయేది.

మొదట్లో ఆమెవి మామూలు భయాలే. కొడుకు నడిరోడ్డు మీద నిలబడి పాత మేడల వైపు చూస్తుంటే వెనుక నుంచి లారీ వస్తే? కూరగాయలమ్మే ఆడవాళ్లను ఫోటో తీస్తుంటే వాళ్ల ఇంటోళ్లు వచ్చి చెంప మీద కొడితే? పోలీసులు ఆపి, ఈ కెమెరా ఎక్కడిదంటే? ఫ్లెక్సీల షాపులో వారమంతా నిలబడి పనిచేసే పిల్లాడు, సెలవు రోజన్నా ఇంటి పట్టున ఉండకుండా ఎవరికీ పట్టని తలుపులు, కిటికీలు, బోర్డుల చుట్టూ ఎందుకు తిరుగుతాడో ఆమెకు అంతుబట్టేది కాదు.

తర్వాత బస్టాండు దగ్గరి పాత హోటల్ సంగతి జరిగింది. దాని మీద ఎర్ర గాజుగొట్టాల లైటు బోర్డు ఉండేది. సగం ఆరిపోయి, పొద్దు గూకితే ‘టల్’ అని మాత్రం వెలిగేది. అమరేందర్ దాన్ని అటు నుంచి తీశాడు, ఇటు నుంచి తీశాడు, చాయ్ తాగేవాళ్లతో కలిపి తీశాడు, కింద పడుకున్న కుక్కతో కలిపి కూడా తీశాడు. మర్నాటికి ఆ హోటల్ లేదు.

పాత టాకీసులో టికెట్లిచ్చే కిటికీని తీశాడు. టాకీసు పోయింది.

చెక్క బాల్కనీ ఉన్న లాడ్జిని తీశాడు. తెల్లారితే ఇటుకల కుప్ప.

ఆ రోజు బిక్షమ్మకు అన్నం సహించలేదు. కొడుక్కు దిష్టి తగులుతుందని దిష్టి తీసే తల్లులు ఎక్కడైనా ఉంటారు. కొడుకు దిష్టి ఊరికి తగులుతోందని బెంగపడ్డ తల్లి ఈమె ఒక్కతే. ఉప్పూ మిరపకాయలూ పిడికిట పట్టి, మంచం మీదున్న కెమెరా చుట్టూ తిప్పింది. ఆ ఉప్పు అద్దం సందుల్లోకి పోయింది. అమరేందర్ బ్రష్షు పట్టుకుని ఓపికగా దులుపుకుంటూ కూర్చున్నాడు.

ఈ మాట వాడంతా తిరిగి పక్కింటి గోపమ్మ చెవిన పడింది. ఆమె నవ్వలేదు. చాటుగా వచ్చి, “మా తోడికోడలు గోడ మా సందులకు జరిగింది వదినె. పిలగాన్ని జర దాన్నొక ఫోటో కొట్టమనరాదు?” అని అడిగింది.

కొడుక్కు బుద్ధి చెప్పాలంటే బిక్షమ్మ అతని దోస్తు సైదులునే చూపించేది. కేతేపల్లి నుంచి వచ్చి, జేసీబీ నడపడం నేర్చుకుని, నిలదొక్కుకున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి అమరేందర్‌తో చాయ్ తాగుతూ, మర్నాడు ఎక్కడ పనో చెప్పిపోతాడు. వాడిని చూసన్నా నేర్చుకోరా అని ఆమె దెప్పితే ఇద్దరూ ముసిముసిగా నవ్వుకునేవారు. ఈ మధ్య మాత్రం సైదులు ఆమె ముందు తల ఎత్తడం లేదు. రొట్టె పెడితే ఆకలి లేదంటున్నాడు. పిల్లను చూసొచ్చి ఉంటాడు, సిగ్గుపడుతున్నాడు అనుకుంది బిక్షమ్మ.

ఆమెకు ఏదైనా ఆఖరుకే తెలుస్తుంది. భయపడే మనిషికి భయం మాట చెప్పొద్దన్నది ఆ ఇంట్లో కట్టుబాటు. పెనిమిటి నరసింహ చెల్లెలింటికని చెప్పి పోయి, కడుపు ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విప్పించుకుని వచ్చాక నెమ్మదిగా చెప్పాడు. రోడ్డు వెడల్పు చేస్తారన్న ముచ్చటైతే తెలంగాణ వచ్చినప్పటి నుంచీ వింటున్నదే. దానికి భయపడీ భయపడీ ఆమెకే విసుగొచ్చి మానేసింది.

ఇప్పుడు ఆమె ఫికరంతా ఒక్కటే. రోడ్డు మీదికి ఉండే ముందటి అర్ర. అందులో కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుంటే వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా కనబడుతుంది. ఎవరి పిల్లలు ఇల్లు చేరారు, ఎవరి బండి ఇంకా రాలేదు, అన్నీ అక్కడి నుంచే చూసుకుంటుంది. ఆ కిటికీ లేకపోతే ఆమెకు ఊపిరాడదు. అందుకే కొడుకు చేత ఒట్టు వేయించుకోబోయింది, మనింటిని మాత్రం తీయొద్దని.

“ఇప్పుడైతే తియ్యనే అమ్మా” అన్నాడు అమరేందర్. ఒట్టు వేయలేదు.

సున్నం వేయిస్తానని నరసింహ ఈ వారమే కుట్టుమిషన్‌ను వెనకింట్లోకి జరిపాడు. గోడల మీది దేవుడి పటాలన్నీ దించాడు. ఇన్నేళ్లకు మనిషికి ఇంటి మీద మనసు పడ్డదని బిక్షమ్మ సంబరపడింది.

ఆదివారం పొద్దున ఆమె వాకిలి ఊడ్చి తల ఎత్తేసరికి, రోడ్డుకు అవతల కొడుకు నిలబడి ఉన్నాడు. కెమెరా ముందటి అర్ర వైపే ఉంది.

చీపురు అక్కడే పారేసి, పోయి కిటికీకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది. ఊరంతటినీ నాశనం చేసింది చాలక ఇంటి మీద పడ్డావా అని తిట్టింది. మీ నాయిన కట్టిన గోడలు నీకు ఏం పాపం చేశాయని అడిగింది. గోపమ్మ గోడెక్కి చూస్తోంది.

“ఒక్కటి తీసుకోనియ్యే అమ్మా. నువ్వు గట్లనే నిలబడు.”

“నీకు దండం పెడ్త కొడుకా. నువ్వు తీస్తే నా ఇల్లు కూలుతది.”

అమరేందర్ కెమెరా దించి, రోడ్డు దాటి వచ్చి, తల్లి భుజం మీద చెయ్యి వేశాడు.

“నేను తీస్తే కూలుతలేవే అమ్మా, కూలగొడ్తరని తెలిసినయే పోయి తీస్తున్న.”