బరువు తగ్గిన బిల్డింగు

“కిలో మూడొందల గ్రాములు!” సెక్రటరీ ఫోన్ చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. “లెక్చరర్ గారూ, ఏం పారేశారండీ? నిన్న కిలోయే కదా!”

మూడో అంతస్తు లెక్చరర్ గారు చెత్తడబ్బా మూత మెల్లగా మూశారు. “అరటి తొక్కలండీ. డజను పళ్ళు తిన్నాను. మలబద్ధకం.”

“మీ మలబద్ధకానికి మా ర్యాంకు బలి కావాలా?”

ఆ బిల్డింగులో ఇరవై ఫ్లాట్లు. పదిహేను రోజుల క్రితం సెల్లారులో ఇరవై కొత్త డబ్బాలు దిగాయి. ప్రతి డబ్బా అడుగునా తూకం యంత్రం, మూత మీద బుల్లి దీపం. ఎవరు ఎంత పారేసినా ఆ క్షణంలోనే అందరి ఫోన్లూ టింగుమంటాయి. కాపురాల్లో గుట్టు ఎప్పుడో పోయింది, ఇప్పుడు చెత్తకీ గుట్టు లేకుండా పోయింది. యాప్ పెట్టుకున్న బిల్డింగులన్నిటికీ మధ్య పోటీ. అతి తక్కువ చెత్త చేసినవాళ్ళకి షీల్డు. ఈ యాప్‌ని తెచ్చి నెత్తినెక్కించింది సెక్రటరీయే. ఆయన అసలు పేరు జనం మర్చిపోయారు. యాప్పారావు అంటున్నారు.

‘బరువు తగ్గితే పరువు పెరుగుతుంది’ అని లిఫ్టు పక్కన ఆయన కట్టించిన నినాదం ఆరడుగుల ప్లాస్టిక్ ఫ్లెక్సీ మీద రెపరెపలాడుతోంది.

తొమ్మిదేళ్ళుగా ఆ బిల్డింగు చెత్త ఎత్తుతున్న ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆమె కన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళతో సహా. ఆమె డబ్బాలు తుడుస్తోంది.

“అక్కా, శుభవార్త!” అన్నాడు యాప్పారావు. “ఈ నెలాఖరుకి మన చెత్త సున్నా చేస్తున్నాం. నీ పని తగ్గిపోతుంది.”

“ఎంత తగ్గుతుంది సార్?”

“పూర్తిగా.”

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. “మరి మెట్ల కింద మా గది?”

“పనే లేకపోతే మనిషెందుకు? మనిషే లేకపోతే గదెందుకు? యాప్‌కి సర్వర్ కావాలట. అక్కడ పెట్టి, దానికి రాత్రీ పగలూ ఏసీ వేస్తాం.”

“మా అమ్మకి ఫ్యానే లేదు సార్ అందులో.”

“చూశావా! అప్పుడే కరెంటు ఎంత ఆదా చేశావో!”

గదిలో మంచం మీదున్న తల్లి అంతా విని పెదవి విరిచింది. “ఓసి పిచ్చిదానా, డబ్బాకో ఇటుకరాయి వేసి రా. బరువు అదే పెరుగుతుంది, మన బతుకు అదే నిలబడుతుంది.”

“చెత్త ఎత్తేదాన్నే కానీ, చెత్త పనులు చెయ్యనే అమ్మా.”

“అలాగే. రేపు నా మంచం రోడ్డున పడ్డాక దాని ఓ పక్క నువ్వు ఎత్తు, రెండో పక్క నీ చిత్తశుద్ధి ఎత్తుతుంది.”

అక్క ఇటుకలు వెయ్యలేదు. చెత్త మాత్రం రోజురోజుకీ చిక్కిపోసాగింది. ముప్ఫై కిలోలు పద్దెనిమిదైంది. పద్దెనిమిది ఏడైంది. లిఫ్టులో గొప్పలు మొదలయ్యాయి.

“మా వారు యాపిల్‌ని గింజలతో సహా మింగేస్తున్నారు,” అంది నాలుగో అంతస్తు ఆవిడ.

“కడుపులో తోట పెడతారేమో వదినా! మా ఇంట్లో వంకాయకి తొడిమ తియ్యడమే మానేశాం.”

అలవాట్లూ మారిపోయాయి. మంచం దిగితే ఆయాసపడే లెక్చరర్ గారు పొద్దున్నే వాహ్యాళికి బయల్దేరుతున్నారు. ఆయన వెనక నాలుగో అంతస్తు జంట. వాళ్ళ వెనక, భుజాన గుడ్డసంచితో యాప్పారావు భార్య, అదీ రెండు పూటలా. పెళ్ళయినప్పటి నుంచి గేటు దాటి నడవని మనిషి! యాప్పారావు ఆనందం పట్టలేకపోయాడు. “యాప్ పెట్టింది చెత్త బరువు తగ్గించడానికి. మా ఆవిడ బరువు తగ్గడం బోనస్!”

అక్కకి మాత్రం నిద్ర కరువైంది. మూత తీస్తే డబ్బాలు కడిగిన గిన్నెల్లా మెరుస్తున్నాయి. పని కోసం నాలుగు వీధులు తిరిగింది. ఒకచోట మనిషి ఉందన్నారు. ఒకచోట గది ఇచ్చేది లేదన్నారు. ఇంకోచోట ముసలమ్మని తీసుకురావద్దన్నారు.

నెలాఖరు వచ్చింది. హాల్లో అందరూ చేరారు. గోడ మీది తెరపై గుండ్రంగా, ముచ్చటగా సున్నా వెలిగింది. చప్పట్లు మోగాయి. షీల్డు ఎత్తి పట్టుకున్నాడు యాప్పారావు.

“మిత్రులారా! చెత్తశుద్ధికి కావలసింది చిత్తశుద్ధి! మనకి రెండూ ఉన్నాయి!”

ఆ చప్పట్ల మధ్యే అక్క వచ్చి గది తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. యాప్పారావు కాస్త నొచ్చుకున్నాడు.

“బాధపడకమ్మా. భూమి కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి కదా.”

“చెయ్యాలి సార్. మీకెవరికీ తీరికలేదు, నేను చేశాను.”

ఎవరో దగ్గారు.

“ఇంతకీ మీ అమ్మని తీసుకుని ఎక్కడికెళ్తావు?”

“దూరమేం కాదు సార్, వెనక వీధి బిల్డింగుకి. నిన్ననే కబురంపారు. ఫ్యాన్ ఉన్న గది కూడా ఇచ్చారు.”

“వాళ్ళకి మనిషి ఉందిగా?”

“ఒక్క మనిషి చాలట్లేదట. ఈమధ్య చెత్త మూడింతలైందట సార్.”

“ఛీ ఛీ! యాప్ లేని జనం అంతేనమ్మా!” యాప్పారావు జాలిగా తల ఊపాడు. “అయినా అంత చెత్త వాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“ఇక్కణ్ణుంచే సార్.”