అనుమతి రాని ఇంజిను

శబరి పొంగుతోందని తెలియగానే రేవులోని ఇళ్లబండ్లన్నీ వాటంతటవే గుట్టెక్కాయి. రత్తమ్మ కాపురముంటున్న బండి మాత్రం కదల్లేదు. దాన్ని తయారుచేసిన కంపెనీని ఆ వారమే వేరేవాళ్లు కొన్నారు.

"పాత ఇంజిన్లకు కొత్త యాజమాన్యం అనుమతి రావాలి. లోపలే ఉండండి," అంది బండి. తలుపు కూడా తెరవలేదు.

"నీళ్లు గుమ్మంలోకి వచ్చేసేయే తల్లీ, కదలవే!" అని రత్తమ్మ ఏడుస్తూ బతిమాలింది.

"లోపలే ఉండండి."

నీళ్లు పొయ్యిగట్టును తాకేసరికి భర్త చినబ్బులు కిటికీ పగలగొట్టాడు. నాలుగేళ్ల కూతుర్ని భుజాలకెత్తుకుని, పీకల్లోతు నీళ్లలో ఇద్దరూ ఎలాగో గుట్ట చేరారు.

వెనక సగం మునిగిన ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

"అనుమతి వచ్చింది. అందరూ లోపలే ఉన్నారా?" అని బండి కేకేసింది.

పలకబోయిన కూతురి నోటిని రత్తమ్మ చేత్తో గట్టిగా మూసేసింది.