నల్ల రేకు

"ఎంత పని చేశావమ్మా," అంది కూతురు. పళ్లు బిగబట్టి అన్న మాట. దానికంటే అరిచినా నయం.

తల్లి చేతిలో అరచేతి వెడల్పు రాగి రేకు మెరుస్తోంది. ఇరవై ఏళ్లుగా ఆ వర్క్‌షాపులో పాలిష్ పట్టే మనిషి. నల్లబడ్డ రాగిని చూసి ఊరుకోవడం ఆవిడకి చేతకాదు.

"నిండా మసి పట్టి ఉందే. పోయినసారి మిషన్ ఫట్‌మని నీ కనుబొమలు కాల్చింది కదా. ఆ కాలిన రేకునే మళ్లీ బిగించి నిన్ను పక్కన నిలబెడతారేమోనని గుండె గుబగుబలాడింది. నీ బల్ల మీద కనపడితే తీసి బాగుచేశాను."

"బాగుచేశావా? అది మసి కాదు, నా రెండు నెలల చాకిరీ. నున్నటి రాగికి ఒక ఎలక్ట్రాన్ వచ్చి తగిలితే రెండో మూడో లేస్తాయి. అవి ఎదుటి గోడకి తగిలి ఇంకో పదిని లేపుతాయి. ఆ గుంపు పెరిగి పెరిగి మిషన్లో నిప్పు పుడుతుంది. అందుకే ఈసారి రేకు నిండా కంటికి ఆనని ముళ్లూ గుంటలూ మొలిపించాను. వాటిలో పడ్డది బయటికి రాదు. వెలుతురు కూడా రాదు, అందుకే నలుపు. దాన్ని తీసుకెళ్లి పాలిష్ చక్రానికి అప్పజెప్పావు."

"నేను..."

"నువ్వేం చెప్పకు. పన్నెండింటికి పరీక్ష. ఈసారీ నిప్పు రేగితే నా ఉద్యోగం ఊడుతుందని నిన్న అన్నం దగ్గర కూడా చెప్పాను."

ఉద్యోగం ఊడటం, పిల్ల తిండి మానేయడం, మంచం పట్టడం, అన్నీ ఆ ఒక్క నిమిషంలోనే తల్లి కళ్ల ముందు జరిగిపోయాయి.

అలికిడికి పెద్ద ఇంజనీరు లోపలికొచ్చాడు. రేకు చూసి, ఆవిడ రెండో చేతిలో ఉన్న గుడ్డ చూసి, తల్లి మీద పడ్డాడు.

"ఏమ్మా, బుద్ధుందా నీకు? బీరువా తాళం నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. నిన్న సాయంత్రం రేకుని అందులో నేనే పెట్టి తాళం వేశాను. ఇందాక నా చేత్తో తీసి ఈ బల్ల మీద పెట్టాను. మీ అమ్మాయి ఇంకా చూడనైనా లేదు, ఈలోపే తగలబడ్డావు." కూతురి వైపు తిరిగాడు. "పరీక్ష ఆగదు. ఇదే బిగించు. నిప్పు రేగితే నీ దారి నువ్వు చూసుకో."

అంతవరకూ భయపడ్డ తల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"తిట్టేదేదో నన్ను తిట్టండి. దీని కుర్చీ మీద మీ బావమరిది కన్నుందని ఇక్కడ చీపురుక్కూడా తెలుసు."

"నోటికేం తక్కువ లేదు. చేసిందేమో ఇదీ. చక్రం మీద పెట్టి రేకంతా ఎలా గుంటలు పడేశావో చూడు."

"చక్రమేంటి? దాన్ని ఆన్ చేస్తేగా. గుంటలు ఆ మసి కిందే ఉన్నాయి. ఈ గుడ్డ పెట్టి రెండుసార్లు తుడిచానంతే, నలుపంతా దానికే అంటుకొచ్చింది. తప్పే, కాదనను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, పిల్లని మాత్రం వదిలెయ్యండి."

ఆవిడ వంగబోయింది. కూతురు భుజం పట్టి ఆపింది. తల్లి చేతిలోంచి గుడ్డ లాక్కుని, విప్పి, వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత దాన్ని ఇంజనీరు ముఖం ముందు పట్టుకుంది.

"నేను మొలిపించిన నలుపు గుడ్డతో తుడిస్తే పోదు సార్. ఇది పోయినసారి నిప్పుకి గుంటలు పడి కాలిన రేకు. నాది ఎక్కడ పెట్టారు?"