గట్టు కింది గొట్టం

మాస్టారి చేలో నీళ్ళు ఎలా దొంగిలించాలా అని మెకానిక్ పది రోజులు ఆలోచించాడు. పని ముగించడానికి మాత్రం నలభై నిమిషాలే పట్టింది.

రెండు చేలకీ నడుమ ఒకటే గట్టు. ఎగువన రిటైరైన లెక్కల మాస్టారి ఎకరన్నర, దిగువన మెకానిక్ రెండెకరాలు. మాస్టారు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే ఓ కునుకు తీసి నాలుగింటికి గాని తిరిగి రారు. ఆ వేళ చూసుకుని మెకానిక్ గట్టు అడుగున నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం దూర్చాడు. తన వైపు మూతికి తిప్పి తీసే మూత బిగించి, పైన గడ్డి కప్పాడు. పాతికేళ్ళు మోటార్లు విప్పి బిగించిన చెయ్యి. గట్టు తవ్విన ఆనవాలే లేదు.

టౌన్లో షెడ్డు అమ్మి, పోయినేడే ఈ ఊరొచ్చి ఆ పొలం కొన్నాడు. మొదటి పంట మిరప. పూత మీద ఉంది. కాలువ నీళ్ళు పది రోజులకోసారి, వంతుల వారీగా వస్తాయి. చివరన ఉన్న అతని వంతు వచ్చేసరికి కాలువలో పాదం కూడా తడవదు. ఈ పంట పోతే మళ్ళీ ఇంకెవరి షెడ్డులోనో స్పానర్ పట్టుకోవాలి.

మాస్టారి చేలో అసలు పైరే లేదు. వంతు వచ్చినప్పుడల్లా ఖాళీ మడుల్లో జానెడు నీళ్ళు పెట్టి మూడేసి రోజులు నిలబెట్టేవారు. ఎందుకని అడిగితే, నేల నానాలయ్యా అనేవారు.

మెకానిక్ భార్యకి ఈ పని నచ్చలేదు. ఒక్కసారి అడిగి చూడమంది.

"లెక్కల మాస్టారే ఆయన. చుక్క చుక్కా లెక్కేస్తాడు. అడిగితే ఇస్తాడా?" అన్నాడు మెకానిక్. "ఖాళీ నేల తాగే నీళ్ళు మన మొక్కలు తాగితే పాపమేం రాదులే."

మాస్టారు మడుల్లో నీళ్ళు పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం మూత తిప్పాడు. గంటలో నాలుగు సాళ్ళు తడిశాయి. తర్వాతి వంతుకీ అదే పని చేశాడు. అప్పటికి మిరపాకుల అంచులు మాడడం మొదలైంది. మొక్కల దాహం తీరలేదనుకున్నాడు. మూడో వంతుకి మాస్టారి మడుల్లో అంగుళం నీళ్ళు మాత్రం మిగిల్చి తక్కినవన్నీ లాగేశాడు.

మాస్టారు నీటి సంఘం ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చారు. తన చేలో నీళ్ళు ఎవరో మళ్ళించుకుంటున్నారని తేదీలతో, అంగుళాలతో సహా రాశారు. ఎవరి పేరూ రాయలేదు.

సంఘం ప్రెసిడెంటు ఈ పని లస్కరుకి అప్పగించాడు. కాలువ తూములు తెరిచి మూసేదీ, వంతులు కాపలా కాసేదీ ఆ లస్కరే. నాలుగో వంతప్పుడు ఓ మధ్యాహ్నం రెండింటికి అతను గట్టెక్కేసరికి మెకానిక్ చేతిలో మూత ఉంది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. లస్కరు గొట్టాన్ని చూశాడు, మిరప మొక్కల్ని చూశాడు.

"ఇంత పెద్ద కాలువ ఉండగా మీకు ఈ నీళ్ళే దొరికాయా మెకానిక్ గారూ?" అన్నాడు.

మెకానిక్ తలదించుకున్నాడు. మాస్టారంటే ఊళ్ళో అందరికీ గౌరవం.

నీళ్ళు దొంగిలించినవాడికి ఆ పంట కాలమంతా వంతు ఉండదు. సంఘం నియమం అది. మర్నాడు ఉదయం సమావేశంలో మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పు ఒప్పుకున్నాడు. ఏ శిక్షయినా వేయండి గాని వంతు ఆపొద్దని, ఆపితే పంటతో పాటు తానూ ఎండిపోతానని చెప్పుకున్నాడు.

ప్రెసిడెంటు నోరు తెరిచేలోపే మాస్టారు లేచారు.

"ఆకలేసి అన్నం తీసుకున్నవాణ్ణి దొంగ అనకూడదు," అన్నారు. "వంతు ఆపకండి. ఆ గొట్టం కూడా తియ్యొద్దు. పంట చేతికొచ్చేదాకా ఉండనివ్వండి. నా మడుల్లో నిలిచిన నీళ్ళు తన ఇష్టంతోనే తీసుకుంటున్నట్టు అతనొక్క సంతకం పెడితే చాలు. రేపు ఎవరూ ఏమీ అనకుండా ఉంటుంది."

ప్రెసిడెంటు తలెత్తి ఫ్యాను వంక చూశాడు. సభ్యుల్లో ఒకరికి దగ్గొచ్చింది. ఇంకొకరు చెప్పులు వెతుక్కునే నెపంతో బల్ల కిందికి వంగారు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

"మాస్టారి మనసు మాస్టారిదే," అన్నాడు ప్రెసిడెంటు చివరికి.

మెకానిక్ సంతకం పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు సరిగ్గా కనబడలేదు, చదవకుండానే పెట్టాడు.

మర్నాడు పిలవకుండానే వచ్చి మాస్టారింటి నీళ్ళ మోటారు విప్పాడు. అరిగిన బేరింగు తీసి కొత్తది వేశాడు. డబ్బులివ్వబోతే రెండడుగులు వెనక్కి వేశాడు. వెళ్ళబోతూ, గట్టు కింద నాలుగంగుళాల గొట్టం తీసేసి ఆరంగుళాలది వేసుకుంటానని నసిగాడు. నిరభ్యంతరంగా వేసుకోమన్నారు మాస్టారు.

అతను గేటు దాటేదాకా ఆగి, మాస్టారి భార్య కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"దొంగని పట్టించిందీ మీరే, మళ్ళీ దొంగకే తాళంచేతులిచ్చిందీ మీరే. ఏం లెక్కండీ ఇది?"

మాస్టారు కాఫీ ఒక గుక్క తాగారు.

"మన చేను చౌడు కడిగిన ఉప్పు నీళ్ళు మీ పొలంలోకి వదులుకోనివ్వండి బాబూ అని మూడేళ్ళు ఊళ్ళో ప్రతి గడపా ఎక్కానా, ఒక్కడూ ఒప్పుకోలేదు; పాపం, ఇతనొక్కడే సొంత గొట్టం వేసుకుని మరీ తీసుకుపోయాడు."