అల్లుడుగారి దిమ్మలు

"బరువు మోయడానికి ఇరవై గ్రేడు కాంక్రీటు చాలు అత్తయ్యగారూ," అన్నాడు, మా మేడ కడుతున్న అల్లుడు.

"బరువుకి చాలు, సముద్రపు గాలికి చాలదు. ఆ ఉప్పు లోపలి ఇనుముని తినేస్తుంది. ముప్పై వెయ్యండి. పరీక్షలో తప్పితే స్లాబు మొత్తం పగలగొట్టిస్తాను."

గ్రేడంటే ఇరవై ఎనిమిదో రోజున కాంక్రీటు దిమ్మ ఎంత ఒత్తిడికి ఆగాలో చెప్పే అంకె. స్లాబు వేసిన రోజు అల్లుడు ఒక్కడే గోడ చాటుకు వెళ్లి పరీక్షకని మూడు దిమ్మలు పోసి, నీళ్లతొట్టిలో పెట్టాడు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు సాయంత్రం పరీక్ష కాగితం చదివి వినిపించాను. "ముప్పై ఆరు. ప్యాసు."

అల్లుడి ముఖం వాడిపోయింది. "ముప్పై ఆరేనా? సిమెంటు రెట్టింపు దట్టించానే!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"మీరు దట్టించినవి పెరటి తలుపుకి అడ్డం పెట్టాను. పరీక్షకు పంపినవి, స్లాబులో పోస్తున్న తట్టలోంచి తీసి నేను పోసినవి."

"అంటే... నా స్లాబు ప్యాసయిందా?"

"అయింది. బళ్లో లెక్కలు చెప్పిన ఇన్నేళ్లలో, పాఠమంతా వచ్చి కూడా కాపీ కొట్టింది మీరొక్కరే అల్లుడుగారూ!"